మా పెరట్లో ఎవరు ఎవర్ని తింటున్నారు

మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక ఏడు సెంట్ల పెరడు. నేను కాపురానికి వచ్చేసరికే అందులో ఐదు కొబ్బరిచెట్లు, ఒక జామ, ఒక మునగ, నుయ్యి పక్కన అరటి, ప్రహరీ వెంబడి మందారాలూ నందివర్ధనాలూ ఉన్నాయి. కూరగాయలు మాత్రం సంతలోనే కొనేవాళ్ళం. "కొబ్బరి నీడన ఏం కాస్తాయమ్మా, ఆకుకూర తప్ప" అనేవారు అత్తయ్యగారు. పిల్లలిద్దరూ చదువులకని ఊరు దాటి నాకు కాస్త తీరిక చిక్కాక, తూర్పు వైపు ఎండ తగిలే జాగా చూసుకుని మొదలుపెట్టాను.

పురుగుమందు వాడకూడదని ముందే అనుకున్నాను. ఇందులో సిద్ధాంతం ఏమీ లేదు. నుయ్యి పెరట్లోనే ఉంది, పక్కింటివాళ్ళ కోళ్ళూ బాతులూ రోజంతా మా దొడ్లోనే తిరుగుతాయి, పొద్దున్న కోసిన తోటకూర మధ్యాహ్నానికి కంచంలో ఉంటుంది. మందు కొట్టడం, ఇన్ని రోజులు ఆగి కోయాలని లెక్కపెట్టుకోవడం నావల్ల కాదు. మందు లేదంటే ఇక మిగిలేది కూర్చుని చూడటమే. ఏ పురుగు ఏ ఆకు మీద ఉంది, దాన్ని ఏది తింటోంది, దానికి ఏది కాపలా కాస్తోంది? నేను చేసిన సేద్యంలో సగం ఇదే.

ముందు మట్టి సంగతి. మాది గోదావరి ఒండ్రు. సారం ఉంటుంది గానీ వాన పడితే నీరు ఇంకదు, ఎండితే నెర్రెలు తీస్తుంది. వానాకాలం నీరు నిలిచిందంటే వంగ, మిరప వేళ్ళు కుళ్ళి పోతాయి. అందుకని జానెడు ఎత్తున మడులు కట్టించి, మధ్యలో నీరు పోవడానికి బోదెలు తీయించాను. మట్టిని గుల్ల చేయడానికి మాకు ఇసుక కొనక్కర్లేదు. కోనసీమలో పీచు ఆడించే చోట కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. కాకపోతే పచ్చిపొట్టు అలాగే వేయకూడదు. అందులోని ఉప్పు, వగరు మొక్కని ఎదగనివ్వవు. గోనెసంచుల్లో నింపి, టీ రంగు నీరు కారడం మానేదాకా నూతి నీళ్ళతో కడిగి, పశువుల పెంటతో కలిపి కొన్ని నెలలు మాగబెట్టాను. మడికి పిడికెడు వేపపిండి. అంతే, మట్టి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. మాగిన ఎరువు ఉంటే మట్టి తన పని తాను చేసుకుంటుంది.

కష్టం మట్టి దగ్గర కాదు, నెత్తి మీద నుంచి వచ్చింది. మాఘమాసంలో వేసిన వంగ, టమాటా ఆకులు జిగటగా మెరిసేవి. కొన్నాళ్ళకి వాటి మీద నల్లటి మసి పట్టింది. చేత్తో తుడిస్తే వేలికి అంటుకునేది. ఆకు కింద వెతికితే పురుగు లేదు. తల ఎత్తి చూస్తే కొబ్బరి మట్టల అడుగున, జామ ఆకుల అడుగున, అరటాకుల అడుగున తెల్లటి మైనపు వలయాలు, చుట్టలు చుట్టలుగా. సర్పలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలోనూ కేరళలోనూ కొబ్బరి మీద దీన్ని మన దేశంలో మొదటిసారి గుర్తించారు. మధ్య అమెరికా నుంచి వచ్చిన పురుగు ఇది. కొద్ది కాలానికే గోదావరి జిల్లాలకూ చేరింది. ఇప్పుడు కోనసీమలో దీని పేరు తెలియని కొబ్బరి దింపు కార్మికుడు లేడు. ఆకు రసం పీల్చి, మిగిలిన తీపిని తేనెబంకలా కిందకి వదులుతుంది. ఆ బంక మీద పెరిగే బూజే ఈ నల్ల మసి. మసి మొక్కని తినదు, ఎండ తగలకుండా కప్పేస్తుంది. అంటే నా వంగమొక్కకి జబ్బు లేదు, దాని పైన ఉన్న కొబ్బరికి ఉంది.

నలభై అడుగుల చెట్టుకి మందు ఎక్కడ కొడతాం? కొట్టినా లాభం లేదంటారు ఉద్యానశాఖ వాళ్ళు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం మాకు దగ్గరే. వాళ్ళు చెప్పేది ఒకటే: రసాయన మందు కొడితే దోమ కంటే ముందు దాని శత్రువు చస్తుంది. ఆ శత్రువు పేరు ఎన్‌కార్సియా. కంటికి ఆనీ ఆననంత చిన్న కందిరీగ. తెల్లదోమ పిల్ల లోపల గుడ్డు పెడుతుంది. లోపల పిల్ల పెరిగేకొద్దీ తెల్లదోమ పిల్ల నల్లబడిపోతుంది. ఈ సంగతి తెలిశాక మా వారి దగ్గర ఉన్న భూతద్దం నా కొంగున చేరింది. కింది జామ కొమ్మల్లో ఆకు తిప్పి చూస్తే తెల్ల పొలుసుల మధ్య నల్ల పొలుసులు కనిపించాయి. నల్లవి ఎక్కువున్న ఆకుల్ని కోసి, అవి లేని అరటి మొదట్లో పెట్టాను. మడుల మీదికి వచ్చిన జామ కొమ్మలకి, అరటికి వారానికోసారి మోటారు పైపుతో ఆకుల అడుగుకి నీళ్ళు గట్టిగా కొట్టాను. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కుంకుడు రసం. మసి పట్టిన వంగాకులకి పలచటి గంజి చల్లాను. గంజి ఎండి పొరలా లేచిపోతుంది, దానితో పాటే మసీ రాలిపోతుంది. ఇది చూడటానికి భలే సరదాగా ఉంటుంది.

దోమ పూర్తిగా పోయిందా? పోలేదు. గట్టి వాన పడితే తగ్గుతుంది, పొడి ఎండలు వస్తే పెరుగుతుంది. కొబ్బరి కింద వంగ వేయడం మానేసి, అక్కడ కంద పెట్టాను. కందకి కాస్త నీడ ఉన్నా బాధ లేదు.

తేనెబంక ఉన్నచోట చీమలుంటాయి. మందారాల దగ్గర ఈ పాఠం ఇంకా బాగా అర్థమైంది. మందారం చిగుళ్ళ నిండా పిండినల్లి, తెల్లటి పిండి చల్లినట్టుండే రసం పీల్చే పురుగు. ఇదీ తేనెబంక వదిలేదే. ఆకులు ముడుచుకుపోయి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలేవి. వేపనూనె కొడితే వారం బాగుండేది, మళ్ళీ మామూలే. ఒక సాయంత్రం కుర్చీ వేసుకుని చూస్తే చీమలు కాండం మీద రెండు వరుసల్లో తిరుగుతున్నాయి. పైకి వెళ్ళేవి ఖాళీగా, దిగేవి పొట్ట నింపుకుని. నల్లిని తినే అక్షింతల పురుగు ఒకటి వచ్చి వాలితే నాలుగు చీమలు దాని మీద పడి తరిమేశాయి. పాడిగేదెని కాపాడుకున్నట్టు కాపాడుకుంటున్నాయి పిండినల్లిని. అప్పుడు నల్లిని వదిలేసి చీమల దారి కట్ చేశాను. కాండం చుట్టూ పాలిథీన్ కాగితం బిగించి దాని మీద గ్రీజు పూశాను. గ్రీజు నేరుగా బెరడుకి పూస్తే చెట్టుకి చేటు. గోడని ఆనుకున్న కొమ్మలు కొట్టేశాను, లేకపోతే చీమలు గోడ మీద నుంచి వంతెన వేసుకుంటాయి.

చీమలు ఆగిన కొద్దిరోజులకి పిండినల్లి మధ్య మరింత పెద్దవి, తెల్లటి దూదిపోగుల్లాంటి పురుగులు కనిపించాయి. పక్కింటి పిన్నిగారు చూసి "ఇదేంటమ్మాయ్, నల్లి ఇంకా పెద్దదైపోయింది, కాల్చేయ్" అన్నారు. అవి నల్లి కాదు. పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్లలు. క్రిప్టోలీమస్ అంటారు. ఒంటి మీద అచ్చం అలాంటి మైనపు పోగులే ఉంటాయి. తేడా తెలుసుకోవడం సులువు: పుల్లతో కదిపితే పిండినల్లి కదలీ కదలనట్టుంటుంది, ఇది చకచకా నడిచిపోతుంది. ఎంతమంది ఇళ్ళలో ఈ పాపం పురుగుల్ని నల్లి అనుకుని నలిపేసి ఉంటారో!

పిండినల్లి గురించి మాట వచ్చింది కాబట్టి బొప్పాయి సంగతి కూడా చెప్పాలి. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లిని మన దేశంలో మొదటిసారి గుర్తించారు. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలు తెల్లబడిపోయాయి. రైతులు కొట్టని మందు లేదు. చివరికి 2010లో ప్యూర్టోరికో నుంచి చిన్న పరాన్నజీవి కందిరీగల్ని తెప్పించి, పెంచి, వదిలారు. కొద్ది నెలల్లో నల్లి అదుపులోకి వచ్చింది. డబ్బా మందులు చేయలేని పనిని కంటికి సరిగ్గా కనబడని కందిరీగలు చేశాయి. ఇది చదివాకే జామ ఆకుల మీది నల్ల పొలుసుల విలువ నాకు తెలిసింది.

రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. మా పెరట్లో రోళ్ళు లేవు గానీ పొదీనా, కొత్తిమీర మాడిపోయాయి. మృగశిర వచ్చి చినుకులు పడగానే పాదులు చేసి ఆనప, బీర, కాకర, పొట్ల గింజలు పెట్టాను. ఆరుద్ర కార్తెలో మడుల మధ్య ఎర్రటి మఖమల్ గుడ్డ తునకల్లా ఆరుద్ర పురుగులు తిరిగాయి. చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో పెట్టుకుని ఆడుకున్నవే. ఇవి మొక్కలకి ఏ హానీ చేయవు. పైగా చిన్నచిన్న పురుగుల్నీ వాటి గుడ్లనూ తింటాయి. వాటిని చూసి ముచ్చటపడుతుండగానే వాటి వెనకే నత్తలు దిగాయి.

మామూలు నత్తలు కాదు, అరచేయంత ఉండే ఆఫ్రికా నత్తలు. పగలు ఇటుకల కింద, అరటి బోదెల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక వస్తాయి. తెల్లారేసరికి బంతినారు మొదళ్ళు మాత్రమే మిగిలేవి. బొప్పాయి బెరడు కూడా గీకేశాయి. సున్నం కోసం గోడ మీద పాకి గోడనే నాకుతాయి. వీటిలో ఆడా మగా వేరువేరుగా ఉండవు. ఒక్కోటి ఒక్కో విడతకి వందా రెండొందల గుడ్లు మట్టిలో పెడుతుంది. పసుపు తెలుపు రంగులో, శనగగింజ కంటే చిన్నగా ఉంటాయి. ఎండాకాలం గుల్ల మూతి మూసుకుని నెలల తరబడి నిద్రపోతాయి. అందుకే వేసవిలో లేవు అనుకుంటాం.

వీటి మీద ఉప్పు చల్లమని అందరూ చెబుతారు. చల్లితే నత్త చస్తుంది, మడి కూడా చస్తుంది. నేను గోనెపట్టాని బెల్లం నీళ్ళలో తడిపి, దాని కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ పైపొరలు పెట్టి రాత్రి వదిలేసేదాన్ని. పొద్దున్నే పట్టా ఎత్తితే గుంపుగా దొరికేవి. ఉప్పు కలిపిన నీళ్ళ బకెట్లో వేసి, తర్వాత దూరంగా లోతుగా గొయ్యి తీసి పూడ్చడం. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోలేదు. ఈ నత్తల్లో ఉండే ఒక రకం నులిపురుగు మనిషి మెదడు పొరలకి వాపు తెస్తుంది. పిల్లలున్న ఇళ్ళలో ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. ఆకుకూర కూడా పారే నీళ్ళలో రెండు మూడుసార్లు కడిగాకే కత్తిపీట ఎక్కేది.

ఇందులో నాకు తోడు దొరికినవి పక్కింటి బాతులు. పిల్లనత్తల్ని గుల్లతో సహా మింగేసేవి. కాస్త పెద్దవాటి పని జెముడుకాకి పట్టింది. నుయ్యి గట్టు రాయి పక్కన పగిలిన గుల్లలు కనిపిస్తే ఎవరి పనా అని కాపు కాశాను. గోధుమ రంగు రెక్కలు, ఎర్ర కళ్ళు, పొదల్లో నడుస్తూ వచ్చే ఆ పక్షి! ప్రహరీ మూల అడ్డదిడ్డంగా పెరిగిన గోరింట పొదని నరికించాలనుకుంటున్నాను అప్పటికి. అందులోనే అది కాపురం పెట్టిందని తెలిశాక నరికించలేదు. మా వారు ఇప్పటికీ ఆ మూల శుభ్రం లేదంటారు. ఉండదు.

పాదుల దగ్గరికి వద్దాం. ఆనప పందిరి ఎక్కి పూత పట్టింది. పిందెలు వేసి, బొటనవేలంత కాగానే పసుపుపచ్చగా అయి రాలిపోయేవి. కొన్ని పిందెలు ఇంకో రకంగా పోయేవి: పచ్చగానే ఉండి, ఒకవైపు వంకర తిరిగి, ఒక చోట బంక చుక్క కట్టి, తర్వాత అక్కడి నుంచి కుళ్ళేవి. చూడటానికి రెండూ ఒకటే నష్టం గానీ కారణాలు వేరు. మొదటిది పరాగ సంపర్కం జరగకపోవడం. రెండోది పండుఈగ.

ఆనప పువ్వు, బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, గుమ్మడి తెల్లవారుజామున. నేను పొద్దున్నే పందిరి కింద నిలబడి తేనెటీగలు వస్తున్నాయా అని చూడటంలో అర్థం లేదు, ఆనపకి రాత్రి తిరిగే రెక్కపురుగులు కావాలి. వానాకాలం రాత్రుల్లో అవి రావడం తక్కువ. అందుకని దీపాలు పెట్టే వేళ పందిరి కిందికి వెళ్ళి, మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్య అద్దేదాన్ని. ఆడపువ్వు కింద పిందె ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని "పువ్వులకి పెళ్ళిళ్ళు చేస్తోంది మా కోడలు" అని వచ్చిపోయేవాళ్ళకి చెప్పేవారు. అద్దిన పిందెల్లో చాలావరకు నిలబడ్డాయి. బీరకి ఆ అవసరం పెద్దగా రాలేదు.

పండుఈగకి ఇంత సులువు మార్గం లేదు. ఈగ పిందెని గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. లోపల పురుగు పెరిగి, కాయ రాలాక మట్టిలోకి దూరి, అక్కడ కోశస్థ దశ గడిపి మళ్ళీ ఈగై లేస్తుంది. కాయ కోస్తే తెల్ల పురుగులు ఎగిరి గంతులేస్తాయి. మందు కొట్టినా కాయ లోపలికి పోదు. నేను చేసినవి మూడు. పిందె నిలబడిందని తెలిసిన రోజే పాత చీర గుడ్డ సంచి తొడగడం. రాలిన కాయ ఒక్కటీ నేల మీద ఉండనీయకపోవడం, దాన్ని ఎరువుగుంటలో కూడా వేయకుండా ప్లాస్టిక్ కవర్లో మూతికట్టి ఎండలో పడేయడం. పందిరికి క్యూలూర్ అనే ఎర పెట్టిన బుట్ట వేలాడదీయడం. ఆ ఎర మగఈగల్ని మాత్రమే లాగుతుంది. బుట్టలో ఈగలు నిండాయని సంబరపడి సంచులు తొడగడం మానేస్తే ఆడఈగలు తమ పని తాము చేసుకుపోతాయి. వీటన్నిటిలో నిజంగా పని చేసింది గుడ్డసంచే అని నా నమ్మకం. ఇక లేత ఆకుల్ని జల్లెడ చేసే ఎర్ర పెంకుపురుగుకి పొద్దున్నే మంచు తడి మీద కట్టెల బూడిద చల్లితే చాలు, మా అమ్మ నేర్పిందే.

వంగకి కూడా పురుగు లోపలే ఉంటుంది. కొమ్మ తలలు పొద్దున్నే వాలిపోయి ఉంటే నీళ్ళు చాలలేదనుకుని పోస్తారు. వాలిన తలని చీల్చి చూస్తే లోపల గులాబి రంగు పురుగు. వాలిన చోటికి రెండంగుళాల కింద కత్తిరించి కోళ్ళకి వేసేదాన్ని. రోజూ చేయాలి. రెండు రోజులు పుట్టింటికి వెళితే చాలు, అది కాయలోకి చేరిపోతుంది. బెండకి పల్లాకు తెగులు వస్తే మాత్రం ఆలోచించకుండా పీకేయడమే. కొబ్బరి మీదిది కాదు, ఇంకో రకం తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, మందు లేదు.

గొంగళిపురుగుల దగ్గర నా నియమాలన్నీ గందరగోళం అయ్యాయి. నిమ్మమొక్క లేతాకుల మీద పిట్ట రెట్ట పడినట్టు నలుపు తెలుపు మచ్చలు. దగ్గరగా చూస్తే పురుగులు. పెరిగాక పచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటికి చాచి ఘాటైన వాసన వదులుతాయి. నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. కరివేపాకు మీద కూడా వాటి దగ్గర చుట్టాలే ఉంటాయి. గట్టిగా పది ఆకులున్న మొక్కని నాలుగు పురుగులు రెండురోజుల్లో బోడి చేస్తాయి. చంపాలంటే చెయ్యి రాదు, వదిలితే నిమ్మ మిగలదు. మా ఇంట్లో పెద్ద కరివేపచెట్టు ఒకటి ఉంది, దానికి ఎన్ని ఆకులు పోయినా లెక్కలేదు. చిన్న నిమ్మ మీద పురుగులన్నిటినీ కొమ్మతో సహా తీసి దాని మీదికి చేర్చాను. కొన్ని బతికి సీతాకోకచిలుకలయ్యాయి. చాలావాటిని గోరింకలూ పికిలిపిట్టలూ ఎత్తుకుపోయాయి. గూట్లో పిల్లలున్న పిట్టకి ఆ పురుగే ఆహారం. అందులో నేను కల్పించుకోవడానికి ఏముంది?

నందివర్ధనం మీద వేలంత లావున, తల దగ్గర నీలం కళ్ళలాంటి మచ్చలతో ఉండే పెద్ద పురుగు వచ్చింది. పిన్నిగారి మనవడు పాము పిల్ల అని అరిచి పరిగెత్తాడు. అది కూడా రెక్కపురుగు పిల్లే, ఆకులు మేసి, రంగు మారి, మట్టిలోకి దిగిపోయింది. నందివర్ధనానికి ఏమీ కాలేదు, నెలలో మళ్ళీ చిగిర్చింది. మునగ బోదె మీద గుంపులుగా పట్టే బొచ్చు గొంగళ్ళని మాత్రం ఉపేక్షించలేదు. ఒంటికి తగిలితే దద్దుర్లు, దురద. పూర్వం కాగడాతో కాల్చేవారు. నేను పగటిపూట అవి గుంపుగా ఉన్నప్పుడు సబ్బునీళ్ళు గట్టిగా కొట్టాను. అప్పుడే ఒకరోజు మునగ మీద నలుపు తెలుపు పిట్ట, తల మీద జుట్టుతో, ఆ బొచ్చు పురుగునే కొమ్మకేసి కొట్టి మింగుతూ కనిపించింది. చాతకం. వాన చినుకే తప్ప వేరేమీ ముట్టదని కవులు చెప్పిన పక్షి! బొచ్చు గొంగళ్ళు దానికి మహా ఇష్టమని వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఎరువుగుంట గురించి కోనసీమవాళ్ళకి ఒక హెచ్చరిక. భాద్రపదంలో గుంట తిరగేస్తుంటే వేలి మందాన, వంకర తిరిగి, తెల్లటి ఒళ్ళు, గోధుమ తలతో లావు పురుగులు బయటపడ్డాయి. ఎరువులో పురుగుంటే మంచిదే అనుకుంటారు చాలామంది. వానపాము మంచిదే, ఇది కాదు. కొబ్బరి కొమ్ముపురుగు పిల్ల ఇది. కుళ్ళిన పెంటలో పెరిగి, నల్లటి పెంకుపురుగై, రాత్రి ఎగిరి వెళ్ళి కొబ్బరి మొవ్వని తొలుస్తుంది. మొవ్వాకు విప్పుకున్నప్పుడు కత్తెరతో కోసినట్టు త్రికోణాల్లో కనిపిస్తుంది. కింద ఎరువు చేసుకుంటూ పైన చెట్టుకి శత్రువుని పెంచడం అవుతుంది. గుంటని నెలకోసారి తిరగేయడం మొదలుపెట్టాను. పార చప్పుడు వినగానే పక్కింటి కోళ్ళు గోడ దూకి వచ్చేవి. మిగిలినవాటికి మెటారైజియం అనే శిలీంధ్రం పొడిని నీళ్ళలో కలిపి గుంటలో పోశాను. అది పట్టిన పురుగు గట్టిపడి, పచ్చటి పొడి కప్పుకుని చచ్చిపోతుంది.

ఆ గుంట దగ్గరే ఒకరోజు జెర్రిపోతు కనిపించి ఇల్లంతా హడావుడి. కర్రలు తెచ్చారు, మా వారు కూడా. అది విషం లేని పాము, పందికొక్కుల కోసం వచ్చింది, కంద మడిలో బొరియలు తవ్వుతున్నది ఆ పందికొక్కులే అని నేను ఎంత చెప్పినా అత్తయ్యగారు "పాము పామే" అన్నారు. అదృష్టవశాత్తూ ఈ వాదన తేలేలోపు అది గోడ దాటి వెళ్ళిపోయింది. కంద మడిలో బొరియలు తగ్గాయి. ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ రెట్టించలేదు. అయితే గుంట పక్కన ఇటుకల కుప్ప తీయించి, చీకటి పడ్డాక దీపం లేకుండా ఆ వైపు వెళ్ళకూడదని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. ప్రతి పామూ జెర్రిపోతు కాదు కదా.

చలి మొదలయ్యాక పెరడు తేలికైంది. శ్రావణంలో పెట్టిన చిక్కుడు అప్పటిదాకా ఆకు తప్ప పువ్వు చూపించలేదు. పగలు పొట్టిపడితే గాని మన నాటు చిక్కుడు పూయదు, తొందరపడి లాభం లేదు. పూత రాగానే, రెండురోజులు మబ్బు పట్టేసరికి, చివుళ్ళకి నల్లటి పేనుబంక పురుగు పాకింది. నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. మరీ మునిగిపోయిన చివుళ్ళు తుంచేశాను, మిగిలినవాటికి నీళ్ళు కొట్టాను, పందిరి గుంజలకి గ్రీజు పట్టీ వేశాను. తర్వాత అక్షింతల పురుగులు వచ్చాయి. వాటి పిల్లలు నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో ఉంటాయి. పెద్దవాటిలాగే పిల్లలూ పేనుబంకని తింటాయి. పేనుబంకలో కొన్ని ఉబ్బి గోధుమరంగు తిరిగి కదలకుండా ఉన్నాయి, లోపల కందిరీగ పిల్ల ఉందన్నమాట. అలాంటి రెమ్మల్ని తుంచకుండా వదిలేశాను. సంక్రాంతికి చిక్కుడుకాయ మా ఇంటికీ, పిన్నిగారి ఇంటికీ సరిపోయి, ఇంకా పంచాం.

ఇక జామ. వానాకాలం కాపు మొత్తం పండుఈగకే పోయింది, ఆ కాయల మీద ఆశ పెట్టుకోవడం మానేశాను. చలికాలం కాపు బాగుంటుంది, కానీ దానికి ఉడుతలు, రామచిలుకలు, రాత్రి గబ్బిలాలు. చేతికి అందే కొమ్మలకి గుడ్డసంచులు తొడిగాను. పై కొమ్మలు వాటికి వదిలేశాను, అక్కడికి నిచ్చెన వేసుకుని ఎక్కే ఓపిక నాకు లేదు కూడా. గుడ్డసంచులు మంచుకి తడిసి లోపల కాయకి బూజు పట్టించాయి. ఈసారి పాత నైలాన్ దోమతెర కత్తిరించి కుట్టాలి. దోమతెర అయితే గాలి ఆడుతుంది, ఈగ దూరదు. ఉడుత మాత్రం కొరుకుతుంది.